చేతి కదలిక - స్క్రిప్టు అనుకరణ

వీడియో ఆట ఆడుచున్న విద్యార్థికి కుడివైపున ఒక గురి కనిపించినది. అతడు మౌస్‌ను బల్లమీద కొద్దిగా జరిపెను; తెరపై దృశ్యము తిరిగి, గురి ఎదుటికి వచ్చెను. ఈ పనిని చేతి సాయము లేకుండ, ముందుగా వ్రాసి ఉంచిన ఆదేశములతో కంప్యూటరు తానే చేయగలదా? చేయగలదు. అట్టి ఆదేశముల వరుసకు స్క్రిప్టు అని పేరు. కాని చేయి చేసినట్లే చేయుట అంత సులభము కాదు. అందుకు కారణము తెలియవలెనన్న ముందు మౌస్ పని చేయు విధమును చూడవలెను.

మౌస్ తాను ఎచ్చట ఉన్నదో ఎరుగదు. క్రిందటిసారి కంటె ఎంత జరిగినదో మాత్రమే ఎరుగును. నేటి మౌస్ అడుగున ఒక చిన్న కెమెరా ఉండును. అది బల్ల ఉపరితలమును వెంటవెంటనే చిత్రించి, ఒక చిత్రమునకు తరువాతి చిత్రమునకు గల తేడానుబట్టి జరిగిన దూరమును చిన్న చిన్న మెట్లుగా లెక్కించును. అంగుళమునకు 800 మెట్లు లెక్కించు మౌస్‌లు సామాన్యము. సాధారణమైన యు.ఎస్.బి. మౌస్ ఈ లెక్కను సెకనుకు 125 సార్లు, అనగా 8 మిల్లీసెకన్లకు ఒకసారి, కంప్యూటరునకు పంపును. ఆటలకై ప్రత్యేకముగా చేసినవి 1000 సార్లు పంపును.

స్క్రిప్టు ఇట్టి సందేశములనే మౌస్‌కు బదులుగా తాను పంపును. విండోస్‌లో ఇందులకు సెండ్‌ఇన్‌పుట్ అను సౌకర్యము కలదు. అయితే క్రొత్తగా నేర్చుకొనువారు ఇచ్చట ఒక పొరపాటు చేయుదురు. "గుడి ముందు నిలువుము" అనుట ఒకటి. "తూర్పుగా పది అడుగులు వేయుము" అనుట వేరొకటి. బాణపు గుర్తును తెరపై ఒక స్థానమునకు చేర్చుట మొదటి దాని వంటిది. కాని ఆటగాని కంటితో చూచినట్లు నడచు ఆటలలో పెక్కు బాణపు గుర్తును లెక్కచేయవు. ఎన్ని మెట్లు జరిగినదో మాత్రమే చూచును. కావున అచ్చట రెండవ రకపు ఆదేశమే పనికివచ్చును.

ఎన్ని మెట్లు జరుపవలెనో లెక్కవేయవచ్చును. క్వేక్, కౌంటర్-స్ట్రైక్ అను ఆటలలో, వేరుగా మార్చకున్నచో, సున్నితత్వము 1 ఉన్నప్పుడు ఒక మెట్టుకు దృశ్యము 0.022 డిగ్రీ తిరుగును. 22 డిగ్రీలు తిరుగుటకు 1000 మెట్లు కావలెను. 800 మెట్ల మౌస్‌తో ఇది అంగుళముంబావు దూరము. ఈ కదలికను 600 మిల్లీసెకన్లలో ముగింపవలెనన్న 75 సందేశములు పంపవలెను, ఒక్కొక్కదానికి 13.33 మెట్లు. కాని సందేశములో భిన్నమునకు తావు లేదు. ప్రతిసారి 13 మాత్రమే పంపినచో మొత్తము 975 అగును. 25 మెట్లు, అనగా 0.55 డిగ్రీ, తక్కువపడి గురి తప్పును. అందువలన మిగిలిన భిన్నమును పారవేయక, తరువాతి సందేశపు లెక్కలో కలుపుచు పోవలెను.

ఇట్లు గురి సరిగా చేరినను, ఆ నడక మనిషి చేతిది కాదు. స్క్రిప్టు మొదటినుండి చివరవరకు ఒకే వేగముతో పోయినది. చేయి మెల్లగా బయలుదేరి, నడుమ వేగము పుంజుకొని, గమ్యము దగ్గర నెమ్మదించును. త్వరణములో కలుగు మార్పును కుదుపు అనవచ్చును. చేయి ఈ కుదుపు మొత్తము మీద అతి తక్కువగా ఉండునట్లు కదలునని 1985లో టామర్ ఫ్లాష్, నెవిల్ హోగన్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. గడచిన కాలమును మొత్తము కాలముచే భాగింపగా వచ్చు భిన్నము "కా" అయినచో, అప్పటికి నడచిన దూరపు భిన్నము 10కా³ - 15కా⁴ + 6కా⁵ అగును. పై 1000 మెట్లకు దీనిని వర్తింపజేసినచో, నాలుగు సమాన కాలభాగములలో నడచు మెట్లు సుమారు 104, 396, 396, 104. విద్యార్థులు గ్రాఫు కాగితముపై గీచి చూచినచో మెలిదిరిగిన చక్కని రేఖ వచ్చును. ఇంతటితోనైనను అనుకరణ పూర్తికాదు. చేయి గమ్యము దాపునకు పోయి, కంటి సాయముతో చివర సవరించుకొనునని 1899లోనే వుడ్‌వర్త్ గ్రహించెను.

కాలమునకు కూడ ఒక నియమము కలదు. దూరమునకు రెట్టింపును గురి వెడల్పుచే భాగించి, ఆ లబ్ధమునకు 2 ఆధారముగా లాగరిథమ్ కట్టిన, కదలిక ఎంత కష్టమో తెలియును. కష్టము పెరిగినకొలది కాలము పెరుగును. దీనిని 1954లో పాల్ ఫిట్స్ తెలిపెను. 1978లో కార్డ్, ఇంగ్లీష్, బర్ అనువారు మౌస్‌కు ఇది వర్తించునని చూపిరి. తరగతిలో దీనిని పరీక్షింపవచ్చును. 2 సెంటీమీటర్ల వెడల్పుగల రెండు పట్టీలను, వాని నడిమి గీతల మధ్య 16 సెంటీమీటర్లు ఉండునట్లు గీచి, పెన్సిలుతో మార్చి మార్చి 10 సెకన్లపాటు తాకవలెను. ఇచ్చట కష్టము 4. పట్టీ వెడల్పును సగము చేసినను, దూరమును రెట్టింపు చేసినను కష్టము 5 అగును. రెండింటను తాకిడుల సంఖ్య తగ్గును.

ఈ జ్ఞానము రెండు వైపుల పదునుగలది. ఇతరులతో పోటీపడు ఆటలో స్క్రిప్టుచే గురిపెట్టుట మోసమే. దానిని పట్టుకొనువారును ఈ నియమములనే ఆశ్రయింతురు: కాలము పట్టకుండ గురిపై వాలు చూపు, ప్రతిసారి ఒకే తీరున సాగు కదలిక అనుమానమునకు తావిచ్చును. పైగా సెండ్‌ఇన్‌పుట్ ద్వారా వచ్చిన సందేశమునకు, అది కృత్రిమమని తెలుపు గుర్తును విండోస్ జతపరచును.

అయినను స్క్రిప్టే దోషము కాదు. ఆట తయారుచేయువారు ఒకే కదలికను వందలసార్లు జరిపించి లోపములను వెదకుటకు అది ఉపకరించును. చేయి స్వాధీనములో లేనివారు మీటలతోనో, తల కదలికతోనో మౌస్ పని చేసికొనుటయు ఇట్టి కృత్రిమ సందేశముల వలననే సాధ్యమగుచున్నది. అట్టివానిని స్క్రిప్టు పేరుతో ఆటనుండి వెలివేయక, మోసగానిని మాత్రమే వేరుచేయుట ఎట్లు? ఆట తయారుచేయువారు న్యాయముగా పరిష్కరింపవలసిన సమస్య ఇదియే.