బూజును పట్టే వెలుగు: 365 నానోమీటర్ల వెనుక స్ఫటికాల లెక్క

గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోల టిక్కీ ఒకటి తీసుకుందాం. అందులో అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం మొత్తం 0.2 మిల్లీగ్రాములు దాటితే ఆ సరుకును యూరప్ మార్కెట్ ఒప్పుకోదు. ఎండుమిర్చికి యూరోపియన్ యూనియన్ పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాముల బి1. బి1, బి2, జి1, జి2 నాలుగూ కలిపితే 10 మైక్రోగ్రాములు. కంటికి ఆనని ఈ కొలతే రైతు ధరను, ఎగుమతిదారు కంటెయినర్ భవితను తేలుస్తోంది.

ఈ విషాన్ని తయారుచేసే బూజుల్లో ముఖ్యమైనది ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాక, వాటి మేతలోని వేరుశనగ పిండిని పరీక్షిస్తే ఈ విషం బయటపడింది. కోసినప్పుడు పండుమిర్చిలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీరే. కల్లంలో ఎండబెట్టి దాన్ని 10, 11 శాతానికి దించాలి. ఆ మధ్యలో వానకు తడిసినా, మంచు పట్టినా, బరువు కోసం నీళ్లు చల్లినా బూజుకు చోటు దొరుకుతుంది. తాలు కాయను కన్ను పడుతుంది గానీ, పైకి ఎర్రగా నిగనిగలాడుతూ లోపల బూజు పట్టిన కాయను పట్టలేదు. అక్కడ అక్కరకొచ్చేది అతినీలలోహిత కాంతి. 365 నానోమీటర్ల కాంతి పడితే బి రకం విషాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా వెలుగుతాయి.

పత్తికీ ఈ లెక్క వర్తిస్తుంది. ఇదే బూజు సోకిన దూది అతినీలలోహిత కాంతిలో పసుపు కలిసిన ఆకుపచ్చ మచ్చలుగా మెరుస్తుందని అమెరికా శాస్త్రవేత్తలు 1955లోనే రాశారు. సోకిన గింజ చెక్కగా మారి గేదె మేతలో కలిస్తే, విషంలో కొంత భాగం ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది. మన దేశంలో పాలకు ఎం1 హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. పాత ప్రకాశం జిల్లాలో పర్చూరు పత్తి పండించినా, దర్శి మిర్చి పండించినా ఈ బూజు భయం ఉన్నదే.

365కు, 395కు మధ్య దూరం

ఒకప్పుడు ఈ కాంతి పాదరసం దీపాల నుంచే వచ్చేది. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి. కానీ చవక యూవీ టార్చీల్లో ఎక్కువ భాగం 395 నానోమీటర్లవి. చూడటానికి 30 నానోమీటర్ల తేడాయే గానీ పనిలో చాలా దూరం. 395 కాంతిలో కంటికి కనిపించే ఊదా రంగు కలుస్తుంది. సన్నటి నీలి మెరుపు ఆ రంగులో మునిగిపోతుంది. పైగా అఫ్లాటాక్సిన్ బాగా పీల్చుకునేది 360 దరిదాపుల్లోని కాంతినే.

మరి 365 టార్చి ఎందుకు ఖరీదు? జవాబు ఒక చిన్న భాగహారంలో ఉంది. 1240ని నానోమీటర్లతో భాగిస్తే, ఆ కాంతికి కావలసిన శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 395కు 3.14. 365కు 3.40. ఎల్‌ఈడీకి మూలమైన గాలియం నైట్రైడ్ స్ఫటికపు బ్యాండ్ గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం, కూడా సరిగ్గా 3.4. అంటే 365 దగ్గర ఆ పదార్థం హద్దు మీద నిలబడి ఉంది. వెలుగు పుట్టిన పొర పక్కనే ఉన్న గాలియం నైట్రైడ్ పొర ఆ వెలుగును తానే మింగేస్తుంది. అందుకే చుట్టూ అల్యూమినియం కలిపిన పొరలు వేయాలి. వాటిని పగుళ్లు లేకుండా పెంచడం కష్టం, ఖర్చు.

లోపాల లెక్క

ఈ స్ఫటికాన్ని సాధారణంగా నీలమణి పలక మీద, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో, వాయువుల నుంచి పొర పొరగా పెంచుతారు. రెండింటి అణువుల అమరికకు మధ్య తేడా దాదాపు 16 శాతం. పోగుల లెక్క కలవని రెండు గుడ్డలను కలిపి కుడితే ముడతలు పడినట్టు, స్ఫటికంలో నిలువునా లోప రేఖలు లేస్తాయి. 1986లో నగోయాలో శాస్త్రవేత్తలు అకాసాకి, అమానో ఈ రెండింటి నడుమ పలచని అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి ఈ చిక్కు మొదటి ముడి విప్పారు. నకమురాతో కలిసి వారిద్దరూ 2014లో నోబెల్ అందుకున్నారు.

తొలి తరం ఎల్‌ఈడీల్లో చదరపు సెంటీమీటరుకు వెయ్యి కోట్ల లోప రేఖలు ఉండేవి. అంటే రెండు లోపాల మధ్య ఎడం సగటున 100 నానోమీటర్లు. పది కోట్లకు దించితే ఆ ఎడం 1000 నానోమీటర్లకు పెరుగుతుంది. ఎలక్ట్రాన్ లోపాన్ని తాకితే వెలుగుకు బదులు వేడి పుడుతుంది. తాకేలోపు జతను కలుసుకుంటే వెలుగు పుడుతుంది. ఎడం పెంచడమంటే వెలుగుకు అవకాశం పెంచడమే.

నీలి ఎల్‌ఈడీకి, 395కు ఇండియం అండ ఉంది. అది ఎలక్ట్రాన్లను చిన్న చిన్న చోట్ల ఆపి లోపాల దాకా పోనివ్వదు. 365లో ఇండియం దాదాపు ఉండదు. ఆ అండ లేనప్పుడు స్ఫటికమే శుభ్రంగా ఉండాలి.

శుభ్రత ఒక్కటీ చాలదు, వెలుగు బయటికి రావాలి. గాలియం నైట్రైడ్ వక్రీభవన గుణకం సుమారు 2.5. అది అంత ఎక్కువ కాబట్టి నున్నటి ఉపరితలం ఒక్కొక్కదాని గుండా 4 శాతం వెలుగు మాత్రమే బయటపడుతుంది. అందుకే నీలమణి పలక మీద సూక్ష్మమైన గుబ్బలు చెక్కి, పైపొరను గరుకు చేసి దారి కల్పిస్తారు. కరెంటు దిగే లోహపు అతుకు బాగుండటమూ ముఖ్యమే. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో వి. రాజగోపాల్ రెడ్డి బృందం గాలియం నైట్రైడ్ మీద లోహపు అతుకుల గురించి ఏళ్ల తరబడి పరిశోధన పత్రాలు వెలువరించింది.

ఇంకా లోతుకు వెళ్తే

నీటిలోని క్రిములను చంపాలంటే 265 నుంచి 275 నానోమీటర్లు కావాలి. శక్తి 4.5 దాటుతుంది. అల్యూమినియం పాలు పెంచుకుంటూ పోతే పూర్తి అల్యూమినియం నైట్రైడ్ దగ్గర బ్యాండ్ గ్యాప్ 6 దాటుతుంది. 2006లో జపాన్‌లోని ఎన్‌టీటీ శాస్త్రవేత్తలు దానితో 210 నానోమీటర్ల ఎల్‌ఈడీ చేసి చూపించారు.

అక్కడ పెద్ద అడ్డంకి మెగ్నీషియం. ధనావేశం మోసే రంధ్రాల కోసం దాన్ని కలుపుతారు. గాలియం నైట్రైడ్‌లో వంద మెగ్నీషియం అణువులకు ఒకటి పనిచేస్తుంది. అల్యూమినియం నైట్రైడ్‌లో ఒక రంధ్రం విడుదలకు 0.5 ఎలక్ట్రాన్ వోల్టుకు పైగా కావాలి. గది వేడి ఇచ్చేది 0.026. అందుకే మార్కెట్లోని ఈ తరహా ఎల్‌ఈడీల సామర్థ్యం ఇప్పటికీ ఎక్కువగా పది శాతం లోపే. ప్రయోగశాలలో 275 నానోమీటర్ల దగ్గర 20.3 శాతం క్వాంటం సామర్థ్యాన్ని 2017లో జపాన్ బృందం సాధించింది. 254 నానోమీటర్ల పాదరసం ట్యూబు 30 శాతం పైనే ఇస్తుంది. కానీ పాదరసాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది. కాబట్టి ఈ స్ఫటికాలు బాగుపడక తప్పదు.

మన చేతిలో ఉన్నది

టార్చి కొంటే 365 అని రాసి ఉందో లేదో, ముందు కనిపించే కాంతిని ఆపే నల్లటి వడపోత గాజు ఉందో లేదో చూడండి. చీకటి గదిలో వాడండి, యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. మెరిసిన ప్రతి కాయా విషం కాదు, మెరవని ప్రతి కాయా మంచిది కాదు. మిర్చిలో వేరే పదార్థాలూ మెరుస్తాయి. టార్చి అనుమానాన్ని చూపుతుంది, నిజాన్ని తేల్చేది ల్యాబ్ పరీక్ష. ఆ పరీక్షకు గుంటూరులోనే స్పైసెస్ బోర్డు నాణ్యత ప్రయోగశాల ఉంది. అన్నిటికన్నా ముందు కాయను 10, 11 శాతం తేమకు ఎండబెట్టండి, నీళ్లు చల్లకండి. విషాన్ని పట్టే దీపం ఎంత మెరుగుపడినా, విషం పుట్టకుండా ఆపేది కల్లమే.