పెదవి ముందు.. మాట వెనక!

డెమో క్లాస్, ప్రాజెక్ట్ వీడియో, సెల్ఫ్ ఇంట్రడక్షన్.. దరఖాస్తుతో పాటు వీడియో కూడా పంపమనే ఉద్యోగాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫోన్లో తీసేసి, ల్యాప్‌టాప్‌లో కాస్త ఎడిట్ చేసి పంపేస్తే సరిపోతుందనుకుంటాం. తీరా చూసుకుంటే బొమ్మకీ మాటకీ పొంతన ఉండదు. ఈ తలనొప్పి ఎందుకొస్తుంది? ఎలా వదిలించుకోవాలి?

బీటెక్ అయిపోయి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న రోజులవి. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఓ సంస్థ 20 నిమిషాల డెమో క్లాస్ వీడియో అడిగింది. నా ఫోన్‌తో వీడియో తీసి, రూమ్మేట్ ఫోన్‌కి కాలర్ మైక్ తగిలించి ఆడియో రికార్డ్ చేశా. ఎడిటర్‌లో రెండూ కలిపితే మొదటి నిమిషం అద్భుతం. చివరికొచ్చేసరికి నోరు మూసేశాక కూడా మాట వినిపిస్తోంది! చివర సరిచేస్తే మొదలు చెడింది. మొదలు సరిచేస్తే మళ్లీ చివర. తెల్లవారుజాము దాకా ఆడియోని అటూ ఇటూ జరిపి, గడువు ముంచుకొచ్చి అలాగే పంపేశా. పాఠం బాగుందిగానీ రెండో సగం చూడలేకపోయామని జవాబొచ్చింది. పిలుపు మాత్రం రాలేదు.

తప్పు వాళ్లది కాదు, నాదే. జబ్బేమిటో తెలుసుకోకుండా మందు వేశాను. మీరు ఆ పొరపాటు చేయకండి.

అసలు తేడా ఉందా?

ఫైల్‌ని ముట్టుకునే ముందు రెండు అనుమానాలు తీర్చుకోండి. ఒకటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్. వీటిలో శబ్దం చెవికి చేరడానికి కొంత సమయం పడుతుంది. సినిమా చూసేటప్పుడు చాలా ప్లేయర్లు దాన్ని సర్దేస్తాయి, ఎడిటర్లు అన్నిసార్లూ సర్దవు. కాబట్టి ఎడిటింగ్‌కి వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడటం మేలు. రెండు, పాత ల్యాప్‌టాప్. ప్రివ్యూలో బొమ్మ తడబడుతుంటే సింక్ పోయినట్టే కనిపిస్తుంది. ఓ 30 సెకన్ల ముక్కని ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. అందులో బాగుంటే మీ వీడియో బాగున్నట్టే.

మూడు చోట్ల చూడండి

తేడా నిజమే అని తేలితే వీడియోని మొదట్లో, మధ్యలో, చివర్లో గమనించండి. ‘ప’, ‘బ’, ‘మ’ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి కాబట్టి ఆ అక్షరాల దగ్గర తేడా ఇట్టే దొరికిపోతుంది. మూడు చోట్లా ఒకేలా ఉంటే అది ఒక రకం జబ్బు. పోనుపోను పెరుగుతుంటే ఇంకో రకం. మందులు కూడా వేరువేరు.

తేడా ఒకేలా ఉంటే..

ఇది తేలిక. వీడియోని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. మాట వెనకబడుతుంటే కీబోర్డ్ మీద ‘జె’, ముందొస్తుంటే ‘కె’ నొక్కండి. ఒక్కో నొక్కుకి శబ్దం 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. ఆరుసార్లు నొక్కితే కుదిరిందా? అంటే తేడా 300 మిల్లీసెకన్లు. సెకనుకు 30 ఫ్రేములున్న వీడియోలో అది 9 ఫ్రేములు. వీఎల్‌సీ చేసేది చూసేటప్పటి సర్దుబాటే, ఫైల్ మారదు. కాబట్టి ఎడిటర్‌లో ఆడియోని వీడియో నుంచి అన్‌లింక్ చేసి, ఆ 9 ఫ్రేములూ అక్కడ జరపాలి.

ఎంత కచ్చితంగా ఉండాలి? దూరంగా చెరువు గట్టున బట్టలుతుకుతుంటే దెబ్బ ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తుంది కదా! శబ్దం ఆలస్యంగా రావడం మనకు అలవాటే. అందుకే మాట కాస్త వెనకబడినా ఓర్చుకుంటాంగానీ ముందొస్తే వెంటనే పట్టేస్తాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారాల కోసం ఇచ్చిన సిఫార్సు ప్రకారం శబ్దం సుమారు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకొచ్చినా తేడా తెలియడం మొదలవుతుంది. అంటే దాదాపు ఒక ఫ్రేము ముందు, నాలుగు ఫ్రేములు వెనక. ఎటూ తేల్చుకోలేకపోతే మాటని ఓ ఫ్రేము వెనక్కే ఉంచండి.

పోనుపోను పెరుగుతుంటే..

నన్ను ముంచింది ఇదే. ఫోన్లు చాలావరకు ‘వేరియబుల్ ఫ్రేమ్ రేట్’లో వీడియో తీస్తాయి. సెకనుకు 30 ఫ్రేములని సెట్టింగ్స్‌లో ఉన్నా ఒక సెకనులో 30, మరో సెకనులో 29 రావచ్చు. వెలుతురు తక్కువైతే, ఫోన్ వేడెక్కితే ఇంకా తగ్గొచ్చు. ఆడియో మాత్రం ఆగకుండా తన లెక్క ప్రకారమే నడుస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 20 నిమిషాల వీడియోకి 36,000 ఫ్రేములుండాలి. ఫోన్ 35,960 మాత్రమే తీసిందనుకోండి. కొన్ని ఎడిటర్లు ఆ ఖాళీలను పట్టించుకోకుండా సెకనుకు 30 చొప్పున వరసగా పేర్చేస్తాయి. అప్పుడు బొమ్మ సెకనుకు పైగా ముందే అయిపోతుంది. మాట వెనక మిగిలిపోతుంది. అందుకే ఆడియోని ఎంత జరిపినా ఒక చోట కుదిరితే ఇంకో చోట చెడుతుంది.

దీనికి మందు ఎడిటింగ్‌కి ముందే వేయాలి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచి, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ అని ఉందేమో చూడండి. ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లోకి తీసుకెళ్లండి, ఇది కూడా ఉచితమే. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 ఎంచుకుని, కింద ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ టిక్ చేసి మార్చుకోండి. ఆ కొత్త ఫైల్‌తోనే ఎడిటింగ్ మొదలుపెట్టండి. ఒరిజినల్ మాత్రం డిలీట్ చేయొద్దు.

గొంతు సన్నగా మారి, ఆడియో చాలా ముందే అయిపోతోందా? అప్పుడు అనుమానం శాంపిల్ రేట్ మీదికి మళ్లాలి. సెకనుకు 44,100 శాంపిళ్లతో రికార్డ్ చేసిన శబ్దాన్ని 48,000గా పొరబడి వాయిస్తే 10 నిమిషాల ఆడియో 9 నిమిషాల 11 సెకన్లకే అయిపోతుంది. ఇది అరుదేగానీ వస్తే గాభరా పుడుతుంది. రికార్డింగూ, ప్రాజెక్టూ రెండూ 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

మైక్ వేరు, కెమెరా వేరు అయితే..

సినిమా ముహూర్తం ఫొటోల్లో క్లాప్ కొట్టే అతిథిని చూసే ఉంటారు. అది ఉత్త ఆనవాయితీ కాదు. పలక మూసుకున్న ఫ్రేమునీ, ‘టప్’మన్న శబ్దాన్నీ ఒకచోట చేర్చితే వేరువేరుగా రికార్డ్ చేసిన బొమ్మా, మాటా కలిసిపోతాయి. మీకు పలక అక్కర్లేదు, కెమెరా ముందు ఓసారి చప్పట్లు కొడితే చాలు. టైమ్‌లైన్ మీద వేవ్‌ఫామ్‌లో సూదిలా నిటారుగా కనిపించేదే ఆ చప్పట్ల గుర్తు. ఫోన్ ఆడియోలోని సూదినీ, మైక్ ఆడియోలోని సూదినీ కలిపి, ఆ తర్వాత ఫోన్ ఆడియోని మ్యూట్ చేయండి. డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో లాంటివి వేవ్‌ఫామ్‌ని బట్టి ఈ పనిని వాటంతట అవే చేస్తాయి. అందుకే మంచి మైక్ ఉన్నా కెమెరా సొంత ఆడియోని ఎప్పుడూ ఆపేయకండి. మిషన్‌కి పోల్చుకోవడానికి అదే ఆధారం.

రికార్డింగ్ చివర్లో ఇంకోసారి చప్పట్లు కొట్టండి. రెండు పరికరాల్లోని గడియారాలు వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి. గంట రికార్డింగ్‌లో అది తేలిపోవచ్చు. చివరి చప్పట్ల దగ్గర, ఉదాహరణకు, అర సెకను తేడా కనిపిస్తే అవి 15 ఫ్రేములు. మధ్యలో మీరు ఊపిరి తీసుకున్న 15 చోట్ల ఆడియోని కోసి, ఒక్కో ఫ్రేము చొప్పున సర్దేయండి. వినేవాళ్లకు తెలియనే తెలియదు.

తీసేటప్పుడే జాగ్రత్త

* కిటికీకి ఎదురుగా కూర్చోండి. వెలుతురుంటే ఫోన్ ఫ్రేములు తగ్గించాల్సిన అవసరం తక్కువ. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో ‘ఆటో ఎఫ్‌పీఎస్’ ఆపేయండి.
* 20 నిమిషాలు ఒకే షాట్‌గా కాకుండా నాలుగైదు ముక్కలుగా తీయండి. తేడా వచ్చినా ఆ ముక్కతోనే ఆగుతుంది.
* ప్రాజెక్ట్ డెమోకి స్క్రీన్ రికార్డ్ చేయాలంటే ఓబీఎస్ స్టూడియో వాడొచ్చు. వెబ్‌క్యామ్ బొమ్మ కంటే మాట ముందొస్తుంటే అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ‘సింక్ ఆఫ్‌సెట్’ దగ్గర ఆ మిల్లీసెకన్లు వేయండి.
* ముందుగా రెండు నిమిషాల టెస్ట్ వీడియో తీసి, ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్లి చూసుకోండి.
* పంపే ముందు ఫైనల్ ఫైల్‌ని వేరే ఫోన్లో, చివరి నిమిషంతో సహా చూడండి. ఆ రాత్రి నేను చేయనిది ఇదే.

పనికొచ్చేది వీడియోకే కాదు

ఆ తర్వాత కొన్నాళ్లకు టెస్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లా. మీరు పరిష్కరించిన ఓ సమస్య చెప్పమన్నారు. ఫైనలియర్ ప్రాజెక్ట్ గురించి చెబితే అది అందరూ చెప్పేదే. అందుకే ఈ వీడియో కథ చెప్పా. తేడా ఒకేలా ఉందా, పెరుగుతోందా అని ఎలా విడదీశానో, 40 ఫ్రేముల లెక్క ఎలా తేలిందో బోర్డు మీద వేసి చూపించా. మొదటిసారి ఓడిపోయానని కూడా దాచలేదు. ప్యానెల్లో ఒకాయన ముందుకు వంగి, ‘మరి మొదటే ఎందుకు కనిపెట్టలేకపోయావ్?’ అని అడిగారు. ‘మొదటి నిమిషం మాత్రమే చూసుకున్నా సార్’ అన్నా. ఆయన నవ్వారు. ఆ ఉద్యోగం వచ్చింది.