బీరువా అడుగున సర్టిఫికెట్టు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీలో ఎంతమంది ఇళ్ళల్లో పట్టుచీరల కింద డి.ఎడ్. సర్టిఫికెట్టో, బి.ఎడ్. సర్టిఫికెట్టో మడతపెట్టి ఉందో నాకు తెలియదు గాని, మా ఇంట్లో ఒకటి ఉండేది. అది నాది కాదండీ. నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఆ సర్టిఫికెట్టు మా తోటికోడలిది. ట్రైనింగయిన ఏడాదే పెళ్ళి, తరువాత ఇద్దరు పిల్లలు, మా అత్తగారి జబ్బు. చూస్తూండగానే పదకొండేళ్ళు గడిచిపోయాయి. చిన్నవాణ్ణి బడిలో వేసిన వారంలోనే ఒకరోజు బెండకాయలు తరుగుతూ, "అక్కయ్యా, నవ్వనంటే ఒక మాట చెబుతాను. టెట్ రాద్దామనుకుంటున్నాను" అంది.

నేను నవ్వలేదు. కాని అదేమిటో నాకు తెలియదు. దాని పుణ్యమా అని నేనూ తెలుసుకున్నాను. అదే ఇవాళ మీతో చెబుతాను.

టెట్ అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. పిల్లలందరికీ నిర్బంధ ఉచిత విద్య ఇవ్వాలనే చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పాఠం చెప్పేవారికి ఈ పరీక్ష ఉండాలని అదే ఏడాది ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ప్రకటించింది. ట్రైనింగు కాగితం ఒక్కటే చాలదన్నమాట. అలాగని టెట్ ప్యాసయితే ఉద్యోగం వచ్చేసినట్టూ కాదు. అది గుమ్మం మాత్రమే. ఉద్యోగానికి డీఎస్సీ వేరే రాయాలి.

ఇందులో రెండు పేపర్లు. మొదటిది ఒకటి నుంచి ఐదు తరగతుల వారికి. రెండోది ఆరు నుంచి ఎనిమిది వారికి. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. బి.ఎడ్. చదివినవారు చిన్న తరగతులకు పనికిరారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక బి.ఎడ్. వారు రెండో పేపరు చూసుకోవాలి. డి.ఎడ్. వారికి, అంటే ఇప్పుడు డి.ఎల్.ఎడ్. అంటున్నారే, వారికి మొదటి పేపరు. పుస్తకాలు కొనేముందే ఈ సంగతి తేల్చుకోండి.

ఏ పేపరైనా 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. మొదటి పేపరులో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కటి 30 మార్కులు. రెండో పేపరులో శిశు వికాసమూ రెండు భాషలూ పోగా మిగిలిన 60 మార్కులూ లెక్కలు–సైన్సు గాని, సోషలు గాని. మన రెండు రాష్ట్రాల్లోనూ ఓ.సి.లకు 90, బి.సి.లకు 75, ఎస్.సి., ఎస్.టి., వికలాంగులకు 60 వస్తే ప్యాసు. పరీక్ష రాయడానికి పై వయసు పరిమితి లేదు. డీఎస్సీకి మాత్రం ఉంది. కనుక మరీ వాయిదాలు వేయకండి.

ఇంకో సంగతి. మొదట్లో ఈ సర్టిఫికెట్టు ఏడేళ్ళే చెల్లేది. 2021లో దాన్ని జీవితాంతం చెల్లేటట్టు చేశారు, పాతవాటితో సహా. మా వీధిలో ఒకావిడ 2012లో ప్యాసై, గడువు అయిపోయిందని ఆ కాగితాన్ని పాత పేపర్లతోపాటు వేసేయబోయింది! మీ బీరువాలో అలాంటిది ఉంటే భద్రంగా పెట్టుకోండి.

ఇక మా తోటికోడలి సంగతికి వస్తాను. మొదటిసారి లావుపాటి గైడ్లు మూడు కొంది. రాత్రి పదింటికి గిన్నెలు సర్దుకుని కూర్చుని, కునికిపాట్లు పడుతూ శాస్త్రవేత్తల పేర్లూ దశల పేర్లూ బట్టీ పట్టింది. 84 వచ్చాయి. ఆరు మార్కులు తక్కువ. ఆ సాయంత్రం ఇంట్లో ఒకరు, "ఇప్పుడీ వయసులో నీకెందుకమ్మా" అన్నారు. ఆ పిల్ల మాట్లాడకుండా గైడ్లు తీసుకెళ్ళి అటకమీద పెట్టేసింది. మార్కులు పోయినందుకు కాదు గాని, ఆ మౌనం చూసి నాకు బాధ వేసింది.

నాలుగు రోజులు పోయాక పిల్లలకి పాలు ఇస్తున్నాం. ఒకడికి వెడల్పు గ్లాసులో, ఒకడికి సన్నటి పొడుగు గ్లాసులో. సమానంగానే పోశాం. చిన్నవాడు "అన్నయ్యకే ఎక్కువ పోశారు" అని ఒకటే ఏడుపు. మా తోటికోడలు ఆ పాలే తీసి పొడుగు గ్లాసులో పోసి ఇచ్చింది. వాడు సంతోషంగా తాగేశాడు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. "రెండూ ఒకటేరా పిచ్చీ" అని వాడు నవ్వాడు. ఆమె చెంబు పట్టుకునే నిలబడిపోయి, "అక్కయ్యా, ఇదే పరీక్షలో అడిగారు. నేను తప్పు పెట్టాను" అంది.

పియాజే అనే పండితుడు చెప్పింది అదేనట. రెండు నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలు పూర్వ ప్రచాలక దశలో ఉంటారు. పాత్ర మారితే అందులోని వస్తువు కొలత కూడా మారిందనుకుంటారు. ఏడు దాటి మూర్త ప్రచాలక దశకు వచ్చాక ఆ భ్రమ పోతుంది. పేరు పుస్తకంలో ఉంది, సంగతి మన వంటింట్లో ఉంది.

ఆ రోజు నుంచి చదివే పద్ధతి మార్చాం. ఆమె ఒక మాట చదవడం, దానికి ఇంట్లో జరిగినదొకటి నేను అడగడం. ఐస్‌క్రీము బండి గంట వినబడగానే పిల్లలకు నోరూరుతుందే, అది పావ్‌లోవ్ చెప్పిన శాస్త్రీయ నిబంధనం. "హోంవర్కు చేస్తే టీవీ పెడతాను" అంటామే, అది స్కిన్నర్ పునర్బలనం. ముగ్గు నేర్పేటప్పుడు మొదట చుక్కలు మనం పెట్టి, చెయ్యి పట్టుకుని గీయించి, క్రమంగా చెయ్యి వదిలేస్తాం. ఒంటరిగా చేయలేనిది పెద్దల సాయంతో పిల్లలు చేయగలరని వైగాట్‌స్కీ చెప్పింది దాదాపు ఇదే. ఇలా కలుపుకుంటే మరి మరిచిపోతామా?

బోధనా పద్ధతుల ప్రశ్నలూ అంతే. ఒక పిల్లవాడు 27కి 15 కలిపి 312 అని వేశాడనుకోండి. ఉపాధ్యాయురాలు ఏం చేయాలి? పదిసార్లు రాయించాలా? కాదండీ. ఏడూ ఐదూ పన్నెండు, రెండూ ఒకటీ మూడు, రెండూ పక్కపక్కన పెట్టేశాడు వాడు. వాడికి కూడిక వచ్చు, స్థాన విలువ రాదు. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి చూపించాలి. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో కనిపెట్టే జవాబును వెతకండి. సాధారణంగా అదే ఒప్పవుతుంది.

పుస్తకాల విషయంలో, గైడ్లకన్నా ముందు మన రాష్ట్రప్రభుత్వపు బడి పుస్తకాలు చదవండి. ఇంట్లో లేకపోతే పక్కింటి పిల్లల దగ్గర దొరుకుతాయి. ప్రశ్నలకు మూలం అవే, కాకపోతే లోతు హైస్కూలు స్థాయిదాకా పోవచ్చు. తెలుగులో సంధులు, సమాసాలు, ఛందస్సు రోజూ కాస్త కాస్త చూడండి. ఇంగ్లీషుకు భయపడి వదిలేయకండి. తెలుగుకెన్ని మార్కులో దానికీ అన్నే.

వేళ సంగతి. మా తోటికోడలు రాత్రి చదువు మానేసింది. తెల్లవారుజామున ఒక గంట లెక్కలు. పిల్లలు బడికి వెళ్ళాక ఒక గంట కొత్త పాఠం. సాయంత్రం నేను కూరలు తరుగుతూంటే పొద్దున చదివింది నాకు అప్పచెప్పడం. చదివినది మొదటి గంటల్లోనే ఎక్కువగా మరిచిపోతామని ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన 1885లోనే తనమీద తాను పరీక్ష చేసుకుని చెప్పాడట. అందుకే ఆ రోజు చదివింది ఆ రోజే ఒకసారి, వారం తిరగకుండా మరోసారి చూసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం ఒకటి పూర్తిగా రాసేది. ఆ రెండున్నర గంటలూ పిల్లలు, వంటిల్లు నా పూచీ.

పరీక్ష ఇప్పుడు కంప్యూటరు మీద. మౌస్ అలవాటు లేకపోతే ముందుగా చేయి తిప్పుకోండి. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు, కనుక ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. తెలియనిదాని దగ్గర కూర్చోకుండా ముందుకు పోయి, చివర వెనక్కి రండి.

ప్యాసయితే చాలుననీ అనుకోకండి. డీఎస్సీలో టెట్ మార్కులకు నూటికి 20 వంతులు కలుపుతారు. 90 వస్తే 12, 120 వస్తే 16. ఆ నాలుగు మార్కుల తేడాలో ఎందరు ముందుకు పోతారో ఊహించుకోండి. మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ రాయవచ్చు కూడా. పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడనూ వద్దు. ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ ప్యాసు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తలనెరిసిన మేష్టార్లే బట్టీ పడుతున్నారు, మనకేం?

రెండోసారి మా తోటికోడలికి 113 వచ్చాయి. ఉద్యోగం ఇంకా రాలేదు, డీఎస్సీకి చదువుతోంది. కాని ఆ రోజు "ఎందుకమ్మా" అన్నవారే ఇప్పుడు పొద్దున్నే ఆమెకు కాఫీ కలిపి ఇస్తున్నారు.

సర్టిఫికెట్టు ఉన్న అక్కచెల్లెళ్ళు ఇవాళే దాన్ని బయటికి తీయండి. నాలాగా లేనివాళ్ళు, ఇంట్లో చదువుకునే కోడలో, మరదలో, తోటికోడలో ఉంటే ఆదివారం ఓ రెండున్నర గంటలు ఆమె పిల్లల్ని చూసిపెట్టండి. దానికి డిగ్రీ అక్కరలేదు కదా!

సెలవు.