పావులూరి లెక్కకు రామానుజన్ మెలిక

ఇంకొల్లు పక్కన పావులూరు నల్లరేగడి ఊరు. ఒకప్పటి కమ్మనాడు. ఆ పావులూరికి ప్రభువునని చెప్పుకున్న మల్లన, మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనది రాజరాజ నరేంద్రుని కాలం, అంటే 11వ శతాబ్దమని ఎక్కువమంది పండితుల మాట.

ఆయన పేర వాసికెక్కిన చంపకమాల ఒకటుంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు... అలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తమెంత? 18446744073709551615. బాణమంటే 5, చంద్రుడంటే 1 అనే సంకేతాలతో ఈ ఇరవై అంకెలనూ వెనక నుంచి ముందుకు పద్యంలో పొదిగాడు. సరిచూసుకోండి, ఒక్క అంకె తప్పదు. తెలుగు గణితానికి ఇంతకన్నా గొప్ప తొలి అడుగు నాకు కనబడదు.

గడి గడికీ మొత్తం రాసుకుంటూ పోతే 1, 3, 7, 15, 31 వస్తాయి. ముందుదానికి మూడింతలు కట్టి, అంతకు ముందుదాన్ని రెండింతలు తీసేస్తే తర్వాతిది వస్తుంది. ఇలా వెనకటి సంఖ్యలే ముందటివాటిని పుట్టించే వరుసకు ఏకఘాత పునరావృత శ్రేణి అని పేరు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, అడుగు వరుస కంటే పైవరుసలో ఒకటి తక్కువగా, కొసన ఒక్కటి మిగిలేలా పేర్చారనుకోండి. మల్లన మొత్తాల్లో ఏవి ఇలా మిగులూ తగులూ లేకుండా కుదురుతాయి? 1, 3, 15 కుదురుతాయి. పన్నెండో గడి దగ్గర 4095 కూడా కుదురుతుంది, అడుగున 90 టిక్కీలతో. ఆ తర్వాత?

ఇలా కుదిరే సంఖ్యను ఎనిమిదింతలు చేసి 1 కలిపితే వర్గ సంఖ్య వస్తుంది; మల్లన మొత్తానికి అలా చేస్తే 2 ఘాతంలోంచి 7 తీసేసినట్టే అవుతుంది. సరిగ్గా ఇదే ప్రశ్నను రామానుజన్ 1913లో భారత గణిత సంఘం పత్రికలో మరో రూపంలో అడిగాడు. 2 యొక్క ఘాతాల్లోంచి 7 తీసేస్తే 3, 4, 5, 7, 15 ఘాతాల దగ్గర వర్గ సంఖ్యలు వస్తున్నాయి, ఇంకా ఉన్నాయేమో కనుక్కోండి అని. ఇంకేమీ లేవని నార్వే గణితవేత్త నగెల్ 1948లో నిరూపించాడు. కాబట్టి 64 గళ్ల మొత్తం ఎన్నటికీ అలా పేరదు.

దీని గుట్టు మరో శ్రేణిలో ఉంది. −7 వర్గమూలాన్ని సంఖ్యగా ఒప్పుకుంటే 2 రెండు కారణాంకాలుగా విడిపోతుంది. అప్పుడు 1, 1, −1, −3, −1, 5, 7, −3... అనే వరుస పుడుతుంది. ముందుదాంట్లోంచి అంతకు ముందుదాని రెట్టింపు తీసేయడమే సూత్రం. ఇందులో 1 గానీ −1 గానీ వచ్చేది 1, 2, 3, 5, 13 స్థానాల్లోనే. ఆ స్థానాలకు రెండేసి కలపండి, రామానుజన్ చెప్పిన ఘాతాలు వస్తాయి!

ఈ దారిలో మనవాళ్లూ నడిచారు. ముందుదాని రెట్టింపుకు అంతకు ముందుదాన్ని కలుపుతూ పోయే పెల్ శ్రేణిలో పంచభుజ సంఖ్యలు, అంటే చుక్కలను అయిదు భుజాల ఆకారంలో పేర్చగలిగేవి, 1, 5, 12, 70 మాత్రమేనని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. శివరామప్రసాద్, బి. శ్రీనివాసరావు 2002లో ప్రచురించారు.

అయినా ఇవన్నీ విడివిడి గెలుపులే. ఇచ్చిన శ్రేణిలో సున్నా ఎక్కడైనా వస్తుందా అని తేల్చే పద్ధతి, వెనకటి నాలుగు సంఖ్యల మీద ఆధారపడే శ్రేణుల దాకా 1980ల్లో దొరికింది. అయిదు అయ్యేసరికి అన్నిటికీ పనికొచ్చే పద్ధతి నేటికీ లేదు.

బాపట్ల, గుంటూరు, ప్రకాశం జిల్లాల లెక్కల మాస్టార్లకు ఒక మనవి. ఘాతాల పాఠం చెప్పే రోజున మల్లన పద్యాన్ని బోర్డు మీద రాయండి. టిక్కీల ప్రశ్న పిల్లలకే వదిలేయండి.