భిన్నముల కనిష్ఠరూపము

పాలుపంపకములలో భూమికంటె లెక్కయే యెక్కువ తగవు తెచ్చుట మీరెరుగనిది కాదు. అట్టి లెక్క నొకదానినిగూర్చి నేడు మనవి చేసెదను.

అన్నదమ్ముల చేను 3 ఎకరముల 23 సెంట్లు. అందు అన్నగారిది 2 ఎకరముల 21 సెంట్లు అనుకొందము. ఎకరమునకు నూరు సెంట్లు గనుక, 323 సెంట్లలో 221 ఆయనవి. ఈ భిన్నమున 221 లవము, 323 హారము. "ఇంత పెద్ద అంకెలేల? మూడింట రెండు పాళ్లని పత్రమున వ్రాయుడు" అని మధ్యవర్తి యొకడు పలికెననుకొనుడు. అట్లు వ్రాసినచో అన్నగారికి అయిదు సెంట్లకు పైగా తగ్గును. సెంటునకు 48.4 చదరపు గజములు. నష్టము సుమారు 274 చదరపు గజములు. ఒక యిల్లు కట్టదగిన స్థలము!

అంకెలు చిన్నవి కావలయును, పాలు మారరాదు. అందులకు లవహారములను రెంటిని ఒకే సంఖ్యచే శేషము లేకుండ భాగింపవలయును. కొలపాత్ర మారినంతనే గింజలు మారవు గదా!

ఆ సంఖ్య యేది? 2, 3, 5, 7 ఇచట పనికిరావు. అట్టియెడ పరస్పర భాగహారము చేయుడు. 323ను 221చే భాగింప 102 మిగులును. 221ని 102చే భాగింప 17 మిగులును. 102ను 17చే భాగింప శేషము లేదు. ఆ 17ఏ గరిష్ఠ సామాన్య భాజకము. ఏలయన, రెండు నిడివులను సరిగా కొలుచు కొల వాని శేషమును గూడ కొలిచియే తీరును. కావున చివరి శేషముకంటె పెద్ద కొల యుండనేరదు. గ్రీకు పండితుడు యూక్లిడ్ ఈ పద్ధతిని చెప్పెను. భాస్కరాచార్యుడును 1150 నాటి లీలావతిలో దీనిని చెప్పి, ఇట్లు తగ్గించుటను అపవర్తనమనెను.

17చే భాగింప 221 పదమూడును, 323 పందొమ్మిదియు నగును. ఈ రెంటిని భాగించు సంఖ్య ఒకటి దప్ప వేరొకటి లేదు. ఇదియే కనిష్ఠరూపము. పంట 38 బస్తాలైనచో అన్నగారికి 26, తమ్మునికి 12, నోటిలెక్కయే చాలును.

ఒక్క హెచ్చరిక. భాగింపవలయునేకాని తీసివేయరాదు. 13 నుండి, 19 నుండి ఒక్కొక్కటి తీసినచో 18లో 12 అగును. అది మరల ఆ మధ్యవర్తి చెప్పిన మూడింట రెండే! కావున పత్రముపై వ్రేలిముద్ర పడకమున్నే ఈ మూడు భాగహారములు చేసి చూడుడు. పొలము గట్టు కదలదు, అన్నదమ్ముల పొత్తు చెడదు.