పెనుకొండలో ఐదు గంటల్లో 150 కార్లు.. ఇటలీలో మొత్తమే 150! ఓర్వకల్లుకు ఇందులో పాఠం ఏంటి?

ఓర్వకల్లు: కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే హైవే మీద ఓర్వకల్లు అంటే ఒకప్పుడు రాళ్ల గుట్టలు, రాక్ గార్డెన్ మాత్రమే గుర్తొచ్చేవి. 2021లో ఎయిర్‌పోర్టు వచ్చింది. 2024 ఆగస్టులో ఇండస్ట్రియల్ నోడ్‌కు కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. 2025 జనవరిలో ఇక్కడ 1,200 ఎకరాల్లో ఎలక్ట్రిక్ వాహనాల పార్కు కోసం పీపుల్ టెక్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మరి ఆ పార్కులో మన పిల్లలకు దొరికేది నట్లు బిగించే పనా, బండిని డిజైన్ చేసే పనా? ఈ తేడా అర్థం కావాలంటే హైదరాబాద్ వచ్చి వెళ్లిన ఒక అరుదైన కారు గురించి తెలుసుకోవాలి.

ఏంటా కారు?

పేరు బాటిస్టా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరంలో ఫార్ములా-ఈ రేసు జరిగింది కదా, అప్పుడే ఈ కారు అక్కడ సందడి చేసింది. సచిన్ టెండూల్కర్ కూడా నడిపి చూశాడు. తయారు చేసేది ఇటలీకి చెందిన ఆటోమొబిలి పినిన్‌ఫరీనా. ఓనర్ మాత్రం మన మహీంద్రా గ్రూపే. 1930లో పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థను మొదలుపెట్టిన బాటిస్టా ఫరీనా పేరునే కారుకు పెట్టారు. దశాబ్దాల పాటు ఎన్నో ఫెరారీ కార్లకు రూపం ఇచ్చింది ఆ సంస్థే.

ఈ కారు పవర్ దాదాపు 1,900 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 1.86 సెకన్లు చాలు. ధర 20 లక్షల యూరోలకు పైనే. ప్రపంచం మొత్తానికీ 150 మాత్రమే అని కంపెనీ ముందే చెప్పేసింది.

150 మాత్రమే ఎందుకు?

మన రాయలసీమ లెక్కలోనే చూద్దాం. పెనుకొండ దగ్గర ఉన్న కియా ప్లాంట్ కెపాసిటీ ఏడాదికి సుమారు 3 లక్షల కార్లు. రాత్రీపగలూ సగటు వేస్తే, 150 కార్లు ఐదు గంటల్లోపే బయటికి వస్తాయి. అదే ఒక్క బాటిస్టా తయారీకి పది మంది పనివాళ్ల టీమ్‌కు 1,250 గంటలకు పైగా పడుతుందని కంపెనీ చెబుతోంది.

మామూలు కారు బాడీని స్టీల్ రేకుతో చేస్తారు. డోర్‌కి ఒకటి, బానెట్‌కి ఒకటి.. ఇలా ఒక్కో భాగానికి భారీ అచ్చులు కావాలి. వాటికి కోట్ల ఖర్చు. లక్షల కార్లు అమ్మితే ఆ ఖర్చు పంచుకుపోతుంది. 150 కార్లకు అంత పెట్టుబడి పెడితే కంపెనీ మునిగినట్టే.

మరి బాడీ ఎలా చేస్తారు?

కార్బన్ ఫైబర్‌తో. ఇది చూడ్డానికి నల్లటి గుడ్డలా ఉంటుంది. దానికి రెసిన్ అనే జిగురు పట్టించి, అచ్చులో ఒక పొర మీద ఇంకో పొర చేత్తో పరుస్తారు. ఏ పొర ఏ దిక్కుకు ఉండాలో కూడా ముందే లెక్క ఉంటుంది, ఎందుకంటే బలం దారం దిశలోనే ఉంటుంది. తర్వాత గాలి లాగేసి, ఆటోక్లేవ్ అనే ప్రెషర్ ఓవెన్‌లో కాలుస్తారు. స్టీల్ కంటే చాలా తేలిక, గట్టితనం ఎక్కువ. అచ్చు ఖర్చు తక్కువే, కానీ పని నిదానం. చెయ్యి తిరిగిన మనిషి లేకపోతే అసలు కుదరదు.

ఆ షేపు అందం కోసమేనా?

వేగంగా వెళ్లే బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెడితే ఏమవుతుంది? అరచేతిని కాస్త పైకి వంచితే గాలి పైకి లేపుతుంది, కిందికి వంచితే నొక్కేస్తుంది. సూపర్ కారు డిజైన్ అంతా ఈ ఆట మీదే నడుస్తుంది. 300 దాటిన స్పీడ్‌లో కారు నేలను వదలకూడదు. అందుకే గాలి కిందికి నొక్కేలా గీతలు గీస్తారు. బాటిస్టా వెనక రెక్క బ్రేక్ వేసినప్పుడు పైకి లేచి గాలికి అడ్డుపడుతుంది. స్టైలిస్ట్ గీసిన గీతను ఇంజనీర్ ఒప్పుకోవాలి, ఇంజనీర్ అడిగిన రంధ్రాన్ని స్టైలిస్ట్ అందంగా చూపించాలి.

లోపల ఒక్కో చక్రానికి ఒక్కో మోటార్, మొత్తం నాలుగు. 120 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో కంప్యూటరే క్షణక్షణం చూసుకుంటుంది. ఈ టెక్నాలజీ ఇచ్చింది క్రొయేషియా కంపెనీ రిమాక్.

చిన్న ఊళ్లే అడ్డా

ఇక్కడే ఓర్వకల్లు వినాల్సిన మాట ఉంది. బాటిస్టా పుట్టేది టూరిన్ పక్కన కాంబియానో అనే చిన్న ఊళ్లో. మాటే రిమాక్ ప్రయాణం మొదలైంది గ్యారేజీలో పాత బీఎండబ్ల్యూకి ఎలక్ట్రిక్ మోటార్ బిగించడంతో. స్వీడన్‌లో కోనిగ్‌సెగ్ సూపర్ కార్లు తయారయ్యేది ఆంగెల్‌హోమ్‌లో, ఎయిర్‌ఫోర్స్ వదిలేసిన పాత స్థావరంలో. ఎక్కడా మహానగరం లేదు. ఉన్నది పని తెలిసిన మనుషులు.

ఓర్వకల్లు సంగతేంటి?

ఇక్కడ రేపే సూపర్ కార్లు తయారవుతాయని ఎవరూ అనడం లేదు. కానీ డ్రోన్ సిటీకి కూడా ప్రభుత్వం ఓర్వకల్లునే ఎంచుకుంది. డ్రోన్‌లో ఉండేవేంటి? తేలికైన కార్బన్ ఫైబర్ బాడీ, బ్యాటరీ, మోటార్లు, వాటిని నడిపే కంట్రోలర్. సైజు వేరు, పని మాత్రం బాటిస్టాకు దగ్గరి చుట్టమే. పైగా డిజైన్, మాన్యుఫ్యాక్చరింగ్ పేరుతోనే నడిచే ట్రిపుల్ ఐటీ డీఎం కూడా కర్నూలులోనే ఉంది.

భూమి, కరెంటు, రోడ్డు ఇస్తే అసెంబ్లింగ్ లైన్ ఎక్కడికైనా వస్తుంది. రాయితీలు ఇంకోచోట ఎక్కువైతే వెళ్లిపోతుంది కూడా. అచ్చు చేసే చెయ్యి, గాలిని లెక్కగట్టే బుర్ర ఉన్నచోటు నుంచి కంపెనీ అంత తేలిగ్గా కదలదు. పార్కులో ఎన్ని ఉద్యోగాలు వస్తాయని అడగడం మామూలే. వాటిలో డిజైన్, టెస్టింగ్, కాంపోజిట్ పనులు ఎన్ని, వాటికి ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ట్రైనింగ్ ఎప్పుడు మొదలుపెడతారు అనేది ఓర్వకల్లు జనం ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.