కంటికి కనబడని మెట్లు

ఆసుపత్రికో, బ్యాంకుకో వెళ్ళినప్పుడు మెట్ల పక్కన ఏటవాలుగా కట్టిన దారిని మీరు చూసే ఉంటారు. దాన్ని ర్యాంపు అంటారు. చక్రాల కుర్చీలో వచ్చేవారు లోపలికి వెళ్ళడానికి అది ఉండాలి. మెట్లు మాత్రమే ఉంటే కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు లోపం ఎవరిది? కుర్చీలో ఉన్న మనిషిదా, భవనం అలా కట్టిన వారిదా?

ఈ రోజుల్లో బ్యాంకు పని, రైలు టిక్కెట్టు, పరీక్ష ఫీజు, హాల్ టిక్కెట్టు చాలావరకు ఫోనులోనో కంప్యూటరులోనో అయిపోతున్నాయి. అంటే గుమ్మం తెర మీదికి వచ్చేసింది. మరి ఆ గుమ్మానికి కూడా మెట్లుంటాయా? ఉంటాయి. కాకపోతే మనలో చాలామంది కంటికి అవి కనబడవు.

తెరను చదివి వినిపించే సాధనం

చూపులేనివారు కంప్యూటరును ఎలా వాడతారు? తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాములున్నాయి. వీటిని స్క్రీన్ రీడర్లు అంటారు. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనేది 2006లో ఆస్ట్రేలియాలో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కు చూపులేదు. అది ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది.

ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోవాలి. ఈ ప్రోగ్రాము మనలా అక్షరం ఆకారాన్ని చూడదు. కంప్యూటరు లోపల ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్రపంచమంతా వాడే యూనికోడ్ పద్ధతిలో 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. స్క్రీన్ రీడరు ఆ సంఖ్యలను బట్టే పలుకుతుంది.

మరి బొమ్మ సంగతేమిటి? బొమ్మలో ఉండేవి రంగు చుక్కలే, అక్షరాలు కావు. అందుకని బొమ్మ వెనుక దానిని వివరించే ఒక చిన్న వాక్యం రాసిపెట్టాలి. రాయకపోతే బుట్ట బొమ్మ ఉన్న మీట దగ్గర స్క్రీన్ రీడరు "బటన్" అని ఊరుకుంటుంది. ఏం బటనో, నొక్కితే ఏమవుతుందో వినేవారికి తెలియదు.

మన తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. అచ్చుపనిలో వాడే కొన్ని పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు ఆకారం తొడిగారు. కంటికి చక్కని తెలుగే. స్క్రీన్ రీడరుకు మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఇక కాగితాన్ని ఫొటో తీసి పెడితే, అందులో అక్షరమన్నదే లేనట్టు లెక్క!

అంకెల్లో కొలవవచ్చు

చూపు మందగించినవారి సంగతి చూద్దాం. తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు వారికి ఆనవు. దీనికి ఒక కొలత ఉంది. అక్షరం వెలుగుకూ, దాని వెనుక రంగు వెలుగుకూ మధ్య నిష్పత్తి లెక్కగడతారు. తెలుపు మీద నలుపుకు అది 21. రెండూ ఒకే రంగయితే 1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని అంతర్జాతీయ నియమావళి చెబుతున్నది. వెబ్‌సైట్ల కోసం ఈ నియమావళి మొదటిసారి 1999లో వెలువడింది. ఆ తరువాత పలుమార్లు సవరించారు. మౌసు పట్టలేనివారు కీబోర్డుతోనే అన్ని పనులూ చేసుకోగలగాలన్నది కూడా అందులోని నియమమే.

ఒలింపిక్స్ పోటీల ముందు ఒక తీర్పు

నియమాలు ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారా? 1999లో ఆస్ట్రేలియాలో బ్రూస్ మగ్వైర్ అనే చూపులేని వ్యక్తి సిడ్నీ ఒలింపిక్స్ నిర్వాహకుల మీద ఫిర్యాదు చేశాడు. వారి వెబ్‌సైటులో బొమ్మలకు వివరణ లేదు, ఫలితాల పట్టికలు తనకు అందవు అన్నాడు. సరిచేయాలంటే ఏడాదికి పైగా పడుతుందనీ, 20 లక్షల డాలర్లకు మించి ఖర్చవుతుందనీ నిర్వాహకులు వాదించారు. అంత అవసరం లేదని నిపుణులు సాక్ష్యం చెప్పారు. 2000 ఆగస్టులో అక్కడి మానవ హక్కుల కమిషను మగ్వైర్ పక్షాన తీర్పు చెప్పింది. నిర్వాహకులు దాన్ని పూర్తిగా అమలు చేయకపోవడంతో ఆయనకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

మన దేశంలో

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారి కోసం 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలకే కాదు, ప్రైవేటు సంస్థలకూ అది వర్తిస్తుంది. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా. మళ్ళీ మీరితే 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు. అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు వట్టి సలహాలుగా మిగలరాదనీ, తప్పనిసరి కావాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది.

మరో సంగతి వినండి. ఫోనులో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు "కళ్ళు ఆర్పండి" అని అడుగుతారు. ఎందుకు? ఎదుట ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషే అని తేల్చుకోవడానికి. ఆలోచన బాగానే ఉంది. కాని యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ అలా ఆర్పలేరు. 2023లో ఆమెకు ఖాతా దగ్గర ఇదే అడ్డు వచ్చింది. బతికున్న మనిషిని బతికున్నట్టు యంత్రం ఒప్పుకోలేదన్న మాట! ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చూపులేని న్యాయవాది ఒకరు కూడా ఇలాంటి ఫిర్యాదుతోనే వెళ్ళారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనన్నది. మనిషిని గుర్తించడానికి కళ్ళు ఆర్పడం ఒక్కటే కాక వేరే పద్ధతులు కూడా ఉండాలన్నది. మొత్తం 20 ఆదేశాలిచ్చింది.

గమనించారా? దయతలచి చేయమని కోర్టు అనలేదు. హక్కు అన్నది.

మీరూ పరీక్షించండి

కంప్యూటరు మౌసును పక్కన పెట్టి, ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుతూ ఏదైనా వెబ్‌సైటులో ముందుకు వెళ్ళి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడొక మెట్టు ఉన్నట్టు లెక్క.

తరువాత మీ పాఠశాల పంపే నోటీసులు చూడండి. అక్షరాలను వేలితో నొక్కిపట్టి ఒక మాటను ఎంచుకోగలిగితే అవి నిజమైన అక్షరాలే కావచ్చు. ఆ మాటను వేరేచోట అతికించండి. తెలుగుగానే వచ్చిందా, పిచ్చిగీతల్లా వచ్చిందా? మాట అసలు ఎంచుకోవడానికే రాకపోతే అది ఫొటో. ఆ నోటీసును యూనికోడ్‌లో టైపు చేసి పంపమని మీ మాస్టారిని అడగండి. దానికయ్యే ఖర్చు ఏమీ లేదు.